అంజన్న వీడియోలో బంతి లేదు

చూసింది పక్కింటి లీలమ్మ కాదు. లీలమ్మకు బేబీ చెప్పింది. బేబీకి ఎవరు చెప్పారో బేబీకే గుర్తు లేదు. కానీ రహీమా ఇంటి గడప దాకా వచ్చేసరికి ఆ మాటకు కాళ్ళూ చేతులూ మొలిచి, ఒంటి మీదికి ఎర్ర చొక్కా కూడా వచ్చేసింది. గ్యాలరీలో ఎర్ర చొక్కా పోరడు ఒకడు కూర్చున్నాడట. రహీమా బిడ్డ యుస్రా వాణ్ని చూసిందట. చూసి, బంతి చేతిలో పట్టుకుని, చేను మధ్యలో దిష్టిబొమ్మలా నిలబడిపోయిందట. ఏ కారణం లేకపోతే అంత ఆట వచ్చిన పిల్ల అంత మంది మధ్య అట్లా ఎందుకు నిలబడుతుంది, నువ్వే చెప్పు అని లీలమ్మ ఆ పిల్లను కన్న రహీమానే అడిగింది.

రహీమా ఆమె అడగడానికి వచ్చిన కరివేపాకు రెమ్మ చేతిలో పెట్టి తలుపు వేసుకుంది. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఆ మాటను కూడా భర్త పళ్ళెంలో వడ్డించింది.

నిలబడిపోయిన మాట అబద్ధం కాదు. పోయిన వారం మైదానంలో అందరూ చూసింది అదే. ఐదొందల మంది పిల్లలు కూడా లేని కాలేజీలన్నీ కలిసి ఆడుకునే చిన్న కాలేజీల కప్పు. నయాపూల్ దగ్గరి మైదానంలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ సెమీఫైనల్. ఆట చివరి నిమిషంలో పడింది. పాతబస్తీలోని దేవిడీ కాలేజీ ఒక్క పాయింటు ముందుంది. బంతి కెప్టెన్ యుస్రా చేతిలో ఉంది. దాన్ని నేలకు కొట్టుకుంటూ మైదానం మధ్యకు వచ్చిన పిల్ల ఉన్నట్టుండి ఆగిపోయింది. అవతలి జట్టు పిల్ల వచ్చి, కొట్టంలో కట్టేసిన మేక ముందు నుంచి ఆకు లాక్కున్నట్టు, ఆమె చేతుల్లోంచి బంతి లాక్కుని పోయి బుట్టలో వేసింది. ఆ తర్వాత జట్టులోని రూప తెగించి ఒక బుట్ట వేయబట్టి దేవిడీ కాలేజీ ఫైనల్‌కు వచ్చింది గానీ లేకపోతే ఆ సాయంత్రమే మూటాముల్లే సర్దుకునేది.

ఎందుకు ఆగావని అడగని వాళ్ళు లేరు. యుస్రా అందరికీ ఒకటే జవాబు చెప్పింది. తప్పయింది. అంతే.

తండ్రి ఖయ్యూంకు ఆ జవాబు చాలలేదు. ఉస్మాన్‌గంజ్‌లో అతనిది తాళ్ళ దుకాణం. తాత కాలం నుంచి కొబ్బరి తాళ్ళు, నూలు తాళ్ళు, గోనె సంచులు. లీలమ్మ మాట చెవిన పడిన రోజే బిడ్డ ఆట బూట్లు తీసి గోనె సంచిలో వేసి, దుకాణం దూలానికి ఉన్న కొక్కేనికి తగిలించాడు. ఎందుకు నిలబడ్డావో చెప్పు, బూట్లు తీసుకో అన్నాడు. యుస్రా చెప్పలేదు. అతను దించలేదు. ఇవాళ శనివారం. రేపు ఆదివారం జల్‌పల్లిలో ఫైనల్. ఇంకా ఆ సంచి కొక్కేనికే వేలాడుతోంది.

*

మధ్యాహ్నం బేరాలు పలచబడే వేళకు ఖయ్యూం దుకాణంలో రోజూ ఒక సభ కూడుతుంది. గోనె సంచుల కట్టలే కుర్చీలు. ఒకప్పుడు ధరల గురించీ దారాల గురించీ మాట్లాడుకునే వాళ్ళు. దేవిడీ కాలేజీ గెలవడం మొదలుపెట్టినప్పటి నుంచి బాస్కెట్‌బాల్ తప్ప మరో ముచ్చట లేదు. ఆ పక్క మిర్చి దుకాణం గుమాస్తాకు కూడా ఇప్పుడు రీబౌండ్ అంటే ఏమిటో తెలుసు.

ఆ రోజు మొదట వచ్చింది అంజన్న. ఆర్టీసీ డ్రైవరు, రూప తండ్రి. పొద్దున డ్యూటీ దిగి ఇంటికి పోకుండా నేరుగా ఇక్కడికే వచ్చాడు. తర్వాత వైకుంఠం సార్. పెద్ద కాలేజీలో ముప్పై ఏళ్ళు ఆటలు నేర్పి రిటైరైన మనిషి. తెల్లటి టోపీ, మెడలో ఇప్పటికీ ఈల. చివర రాహేలు వచ్చింది. దేవిడీ కాలేజీ కోచ్. వయసులో ఉన్నప్పుడు రైల్వే జట్టుకు ఆడింది. ఇప్పటికీ నడిస్తే భుజాలు ముందు వస్తాయి, మనిషి తర్వాత వస్తుంది. ఆమె వచ్చింది ఆ కొక్కెం మీది సంచి కోసమని అందరికీ తెలుసు. కానీ వచ్చీ రాగానే అడిగే రకం కాదు. కూర్చుని చాయ్ తాగింది.

వాదన ఎప్పటిలాగే మొదలైంది. ఈ ఏడాది చిన్న కాలేజీల్లో అందరికంటే గొప్ప ఆటగత్తె ఎవరు.

వైకుంఠం అనుమానం లేకుండా వీణ అన్నాడు. రేపు దేవిడీ కాలేజీకి ఎదురు నిలిచే జల్‌పల్లి వైపు కాలేజీకి వీణే కెప్టెన్. ఆరడుగులకు కాస్త తక్కువ. ప్రతి ఆటలోనూ జట్టు పాయింట్లలో సగం ఆమెవే. పాయింటు మించిన సాక్ష్యం ఏముంది అని వైకుంఠం వాదన.

అంజన్న ఊరుకోలేదు. అందరూ వేసేవాళ్ళే అయితే, తప్పిపోయిన బంతిని పట్టేదెవరు అన్నాడు. హూప్‌కు, అంటే బుట్ట రింగుకు తగిలి వెనక్కి వచ్చిన బంతిని రూప గాల్లోనే అందుకుంటుందని, అట్లా అందుకున్న ప్రతి బంతీ ఒక ఆట లెక్కని, తను బస్సులో ఎక్కించుకున్న ప్యాసింజర్ల కంటే తన బిడ్డ పట్టిన బంతులే ఎక్కువని చెప్పుకుపోయాడు. చెప్తూ చెప్తూ చాయ్ గ్లాసు ఎత్తి మరీ చూపించాడు. చాయ్ ఒలికింది.

"నీ బిడ్డె మంచిగనే ఎగుర్తది అంజన్నా," అన్నాడు వైకుంఠం. "మా వీణకు ఎగిరే పనే లేదు. చెయ్యెత్తుతే చాలు."

మా వీణ అన్న మాట ఎవరికీ కొత్త కాదు. వీణకు బంతి పట్టడం నేర్పింది వైకుంఠమే. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు గ్రౌండ్ బయట నిలబడి చూస్తుంటే లోపలికి పిలిచాడు. ఈ రోజుకీ ఆమె ఏ ఆటకు ముందైనా ఆయనకు ఫోన్ చేయకుండా బూటు తొడగదు. ఇంత తెలిసీ ఖయ్యూం దుకాణంలో ఆయనకు కట్ట మీద చోటు ఉండేది. ఆయన లేకపోతే వాదనకు ఎదురు లేదు. ఎదురు లేని వాదన ఉప్పు లేని పప్పుచారులా ఉండేది. మనిషి కూడా దొంగ కాదు. తన పిల్ల గెలవాలని కోరుకునే మనిషి, అంతే. ఆ కట్టల మీద కూర్చున్న వాళ్ళలో అది కోరుకోనిది ఎవరు?

రాహేలు గ్లాసు కింద పెట్టింది.

"మంచి ప్లేయర్ ఎవలో తెల్వాల్నంటే, ఆమె ఆడుతుంటే చూడొద్దు సార్," అంది. "ఆమెను కూసోబెట్టి చూడాలె. మిగిలిన నలుగురు ఎంత ఖరాబ్ ఆడ్తరో గదే ఆమె లెక్క. వీణ కూసుంటే మీ నలుగురు మామూలుగనే ఆడ్తరు. యుస్రా కూసుంటే మా నలుగురికి చేతులుంటయ్ గాని కండ్లుండయ్."

ఖయ్యూం గోనె సంచులు మడుస్తున్నాడు. మడిచిన సంచినే విప్పి మళ్ళీ మడిచాడు. బిడ్డ గురించి ఒక మంచి మాట పడినప్పుడల్లా అతను ఏదో ఒక పనిలో తల దూర్చుకుంటాడు. కాలేజీ హూప్‌కు వేలాడే వల అతను అల్లిందే. కొన్న వలలు ఎండకు పీలికలైపోతుంటే, తన దుకాణంలోని మంచి నూలు తాడు తెంపి, కూర్చుని ముళ్ళు వేసి ఇచ్చాడు. బంతి దాంట్లోంచి పడితే మామూలు వలల్లా సుయ్యిమనదు, తడి బట్ట బండకేసి కొట్టినట్టు ధప్పుమంటుంది. ఆ చప్పుడు వినడానికే కొన్నిసార్లు కాలేజీ గోడ బయట స్కూటర్ ఆపుకుంటాడని రాహేలుకు తెలుసు. అతనితో మాత్రం ఎప్పుడూ అనలేదు.

వాదన ఎత్తుల మీదికి మళ్ళింది. రాహేలు దుకాణం గంపలోంచి ఐదు సుతిలి దారం ఉండలు తీసి నేల మీద పరిచింది. అవి దేవిడీ పిల్లలు. వైకుంఠం మూల నుంచి కొబ్బరి తాళ్ళ చుట్టలు జరిపి ఎదురు పెట్టాడు. అన్నింట్లోకి పెద్ద చుట్టను హూప్ కింద నిలబెట్టాడు. వీణ. మనిషికి మనిషిని కాపలా పెట్టే ఆట దేవిడీ పిల్లల వల్ల కాదని ఆయన మొదటి మాట. సగం మైదానంలో పెరిగిన పిల్లలు పూర్తి మైదానంలో తరమలేరు, రొప్పుతారు. మరి ఎవరి జాగా వాళ్ళు కాసుకునే ఆట ఆడితే వీణ వాళ్ళ తలల మీది నుంచే వేసేస్తుంది. ఎటు తిప్పినా దేవిడీకి దారి లేదని తాళ్ళ చుట్టలతో నిరూపించి లేచి నిలబడ్డాడు.

సగం మైదానం అన్న మాట నిజమే. దేవిడీ కాలేజీ పాత నవాబుల ఇంట్లో నడుస్తుంది. ఆ వాకిట్లో ఒక్క హూపే. రెండో హూప్ ఉండాల్సిన చోట రాతి మెట్లు. పరుగెత్తితే నాలుగు అంగల్లో గోడ. అందుకని ఆ పిల్లలకు పరుగు రాలేదు, పాస్ వచ్చింది. ఇరుకు ఇంట్లో పెరిగిన అక్కచెల్లెళ్ళు ఒకరి మోచేయి ఒకరికి తగలకుండా వండుకున్నట్టు ఆడతారు. చూపు ఒకవైపు, బంతి ఒకవైపు. సెమీఫైనల్‌లో అవతలి కోచ్ విసుగెత్తి, ఈ పిల్లలకు వీపు మీద కండ్లున్నాయా అని రాహేలునే అడిగాడు.

ఇదంతా రాహేలు మళ్ళీ గర్వంగా చెప్పింది. జరిగిన ఆటల గురించి ఎంతైనా చెప్పింది. రేపటి ఎత్తు మాత్రం ఆమె నోటి నుంచి రాలేదు. వైకుంఠం రెండు మూడు సార్లు ఆ వైపు తోలుకుపోవాలని చూశాడు. ఆమె ప్రతిసారీ పక్క సందులోంచి జారుకుంది.

చివరికి ఆయన ఖయ్యూం వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. ఒకసారి నిలబడిపోయిన పిల్ల ఫైనల్‌లో ఇంకా భయపడుతుందని, అంత జనంలో మళ్ళీ అట్లా జరిగితే పరువు పోయేది ఆటది కాదు ఇంటిదని, ఈ ఒక్క ఆటకు ఇంట్లో ఉంచితే వచ్చే ఏడాది నెమ్మదిగా ఆడుకోవచ్చని, ఇదంతా తండ్రి లాంటి మనిషిగా చెప్తున్నానని అన్నాడు.

ఖయ్యూం సంచి మడవడం ఆపాడు. రాహేలు వైపు చూడలేదు. అతను ఏ వైపు వాలుతున్నాడో రాహేలుకు అర్థమైంది. ఇల్లు, పరువు అన్న మాటలు పడ్డాక తండ్రి చెవిలో ఇంకే మాటా దూరదు.

"సార్," అన్నాడు అంజన్న, సుతిలి ఉండ ఒకటి చేతిలో తిప్పుతూ. "గంత భయపడే పిల్లయితే మీరెందుకు వీణకు జెప్పిన్రు, యుస్రా ఎడమ చెయ్యికి దూరముండుమని?"

వైకుంఠం ఆ మాట ఎప్పుడు నోరు జారిందా అని ఆలోచనలో పడ్డాడు. మొన్న చాయ్ తాగుతూ ఆయనే చెప్పుకున్నాడు. అంజన్న మరిచిపోలేదు.

*

ఆ కాస్త సందులో అంజన్న ఫోన్ తీశాడు. సెమీఫైనల్ మొత్తం తాను వీడియో తీశానని, యుస్రా భయపడిందో లేదో మొహం చూస్తే తెలుస్తుందని అన్నాడు. నలుగురూ తలలు కలిపారు.

యుస్రా మొహం లేదు. యుస్రానే లేదు. బంతి కూడా లేదు. ఆ వీడియోలో మొదటి నుంచీ చివరి దాకా రూప ఒక్కతే ఉంది. రూప పరుగెత్తుతోంది, రూప చెమట తుడుచుకుంటోంది, రూప జడ బిగించుకుంటోంది. బంతి ఎక్కడో ఉంది, ఆట ఎక్కడో జరుగుతోంది, జనం అరుస్తున్నారు. ఫోన్ మాత్రం పెళ్ళికూతురి వెనక తిరిగే ఫోటోగ్రాఫర్‌లా రూపనే పట్టుకుని ఉంది.

"బాల్ ఏదన్నా?" అన్నాడు ఖయ్యూం.

"బాల్‌తోటి నాకేం పని భాయ్?" అన్నాడు అంజన్న. "నా బిడ్డె ఆడుతుంటే."

రాహేలు నవ్వింది. ఇన్ని రోజుల తర్వాత ఖయ్యూం మొహంలో కూడా ఏదో కదిలింది. వైకుంఠం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, ముప్పై ఏళ్ళలో బంతి లేని బాస్కెట్‌బాల్ మొదటిసారి చూస్తున్నానన్నాడు. ఆ నవ్వుల్లోనే అంజన్న వీడియోను చివరి నిమిషానికి జరిపాడు. రూప కుడి వైపు నుంచి హూప్ కిందికి దూసుకుపోతోంది. చెయ్యి చాచింది. పాస్ వస్తుందని ఆమెకు తెలుసు.

అప్పుడు ఫోన్‌లోంచి, జనం అరుపుల మీదుగా, మైదానం బయటి మసీదు నుంచి అసర్ అజాన్, సాయంత్రపు నమాజు పిలుపు, మొదలైంది.

రూప ఆగిపోయింది. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. కాళ్ళు నేలకు అతుక్కున్నాయి. ఆమె వెనక, తెర అంచున, పొడుగు పిల్ల ఆఫియా కూడా ఆగిపోయింది.

సరిగ్గా అదే సమయంలో దుకాణం బయట ఇంకొకటి జరిగింది. కాసేపటి నుంచి గల్లీలో బంతి చప్పుడు వినిపిస్తూనే ఉంది. తోపుడు బండ్ల మధ్య నుంచి, హమాలీల కేకల మధ్య నుంచి, ఎవరో బంతిని నేలకు కొట్టుకుంటూ వస్తున్నారు. ఆ చప్పుడు ఆగిపోయింది. ఖయ్యూం తలెత్తి చూశాడు. గడప ముందు ఇద్దరు ఆడపిల్లలు. రూప బంతిని చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. పక్కనే యుస్రా. ఇద్దరూ కదలడం లేదు. ఫోన్‌లో రూప ఎట్లా నిలబడిందో గడపలో రూప అట్లాగే నిలబడింది. వెనక నుంచి మిర్చి బస్తాల బండివాడు జరగండమ్మా అంటున్నా జరగలేదు.

అంజన్న కంగారుగా వీడియో ఆపాడు. అజాన్ ఆగింది. పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది ఫోన్‌లోంచి వచ్చిందని అప్పుడు తెలిసింది వాళ్ళకు. యుస్రా మొహం ఎర్రబడింది.

అంజన్న ఫోన్ వైపు చూశాడు, గడప వైపు చూశాడు.

"భాయ్," అన్నాడు మెల్లగా. "నీ బిడ్డె నిలవడ్డప్పుడు నా బిడ్డె గూడ నిలవడ్డది. గా ఆఫియా గూడ నిలవడ్డది. ముగ్గురికి ఒక్కపారే కనవడ్డ పోరడు ఎవడే వాడు?" కాసేపు ఆగి, "ఎర్రంగి ఏసుకున్నది నేనే. జట్టు రంగని రూప కొనిచ్చింది. నన్ను జూసి ఎవలు నిలవడ్తరు? బస్సెక్కేటోళ్ళే నిలవడరు," అన్నాడు.

ఖయ్యూం నవ్వలేదు. రాహేలు వైపు తిరిగి ఇదేంది మేడం అని అడిగాడు.

రాహేలు చెప్పింది. దేవిడీ వాకిలి ఎడమ గోడకు ఆనుకునే మసీదు ఉంది. బంతి కొడితే ఆ చప్పుడు గోడ అవతలికి పోతుంది. అందుకని అజాన్ మొదలవగానే బంతి చంకలోకి వెళ్తుంది. ఎవరు ఎక్కడుంటే అక్కడే నిలబడతారు. అజాన్ అయ్యాక ఆట ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు. మొదటి బ్యాచ్ పిల్లలే పెట్టుకున్నారేమో. తను ఉద్యోగంలో చేరేసరికే ఉంది. రూప అయినా, ఆఫియా అయినా, నిన్న మొన్న చేరిన పిల్ల అయినా ఆగుతుంది. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. తను దానికి ఒక్కటే కలిపింది. కాళ్ళు కదలొద్దు, కండ్లు కదలాలె. అజాన్ అయ్యాక ఎవరో ఒకరిని కళ్ళు మూసుకోమని, ఆఫియా ఎక్కడుంది, రూప ఎడమ చెయ్యి ఎటుంది అని అడుగుతుంది. మొదట్లో తడబడేవాళ్ళు. ఇప్పుడు చీకట్లో తమ ఇంటి గూట్లో చెంబు అందుకున్నట్టు చెప్తారు.

"గదే భాయ్ వీపు మీది కండ్లు," అంది రాహేలు. "మేము ఏం నేర్చుకున్నా గా ఆగిన టైంలనే నేర్చుకున్నం. గెలిచిన ఆటలన్ని గా ఆగుట్లకెళ్ళే వచ్చినయ్. మొన్న పోయిన రెండు పాయింట్లు గూడ అండ్లకెళ్ళే. కాళ్ళు ఇంట్ల లెక్కనే ఆగినయ్, గంతే. నాకే తట్టలే. కోచ్‌ను నేను, నాకు తెల్వాలె."

ఖయ్యూం బిడ్డ వైపు తిరిగాడు. ఇన్ని రోజులు నోరెందుకు విప్పలేదని అడగలేదు. చూశాడు, అంతే.

యుస్రా చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"ఏమని చెప్పాలె అబ్బా?" అంది తండ్రితో. "అజాన్‌కు ఆగిన, గందుకే బాల్ పోయిందని చెప్పాల్నా? తప్పు నాది. నా తప్పు తీస్కపోయి అజాన్ మీద పెడ్తనా?"

"నేను అప్పుడే చెప్త అన్న చాచా," అంది రూప గడపలోంచే. "ఐదుగురం ఆగినం అని. ఇదే నాతోటి ఒట్టు వెట్టిచ్చుకున్నది. కెప్టెన్‌ను నేను, నేనొక్కదాన్నే ఆగిన అనుకోనియ్యి అన్నది. లీలమ్మ గట్ల అంటున్నదని తెల్సినంక గూడ చెప్పనియ్యలే."

ఖయ్యూం దుకాణంలో తాడు కొనడానికి వచ్చేవాళ్ళు దాన్ని రెండు చేతులా పట్టి గుంజి చూస్తారు. ఎంత గుంజినా పేటలు విడిపోకపోతే మంచి తాడు. తన బిడ్డను ఊరంతా గుంజింది. తనూ గుంజాడు.

లేచి స్టూలెక్కి కొక్కెం మీది సంచి దించాడు. బూట్లు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లేసులు చివర్లు చీలిపోయి, ముడి నిలవని స్థితిలో ఉన్నాయి. వాటిని లాగేసి, గాజు సీసా వెనక చుట్టి పెట్టుకున్న సన్నటి తెల్ల నూలు తాడు తీశాడు. మంచి సరుకు. బయట వేలాడదీయడు, అడిగితే గానీ చూపించడు. పళ్ళతో తెంపి, చివర్లకు కరిగిన కొవ్వొత్తి మైనం అద్ది గట్టిపరిచి, ఒక్కో రంధ్రంలోంచి ఎక్కించాడు. రహీమాకు ఫోన్ చేసి, లీలమ్మ మళ్ళీ కరివేపాకుకు వస్తే ఐదుగురూ ఆగారని చెప్పమన్నాడు. ఐదుగురు అన్న మాటను రెండుసార్లు అన్నాడు. ఆ గొంతులో దాచుకోవాలనే ప్రయత్నం కూడా లేదు.

బూట్లు బిడ్డ ముందు పెట్టాడు. రాహేలు వైపు చూసి, "రేపు నేను గూడ వస్తున్న మేడం. దుకాణం బంద్," అన్నాడు. తాత కాలం నుంచి పెళ్ళికీ చావుకీ తప్ప మూయని దుకాణం అది.

అంజన్న అందరికీ ఇంకో విడత చాయ్ చెప్పాడు. ఆ సంబరంలో మూల కట్ట మీద కూర్చున్న మనిషిని అందరూ మరిచిపోయారు.

వైకుంఠం మాత్రం నేల మీది సుతిలి ఉండల వైపు చూస్తున్నాడు. ఒంగి, ఐదింటినీ ఒక్కొక్కటిగా సర్దాడు. ఒకటి మధ్యలో, ఒకటి కుడి వైపు హూప్ కింద, ఒకటి దాని వెనక. వీడియోలో చూసిందీ వాళ్ళు చెప్పిందీ కలిపి. ఆ తర్వాత పెద్ద కొబ్బరి తాడు చుట్టను హూప్ కింద నుంచి జరిపి, మధ్యలో ఉన్న సుతిలి ఉండకు ఎదురుగా తెచ్చి పెట్టాడు.

"జల్‌పల్లి గ్రౌండ్ గోడ అవతలనే మసీదు," అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. "ఆట నాలుగున్నరకు. అసర్ అజాన్ ఆట నడుమనే వడ్తది."

గ్లాసు అందుకోబోయిన రాహేలు చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. ఇంతసేపూ రేపటి ఎత్తు ఒక్క ముక్క బయట పడకుండా కాపలా కాసింది. ఎత్తు కంటే పెద్ద సంగతిని మాత్రం వీణకు ఆట నేర్పిన మనిషి ముందు తన నోటితోనే విప్పి పరిచేసింది. అంజన్న ఫోన్‌ను జేబులో పెట్టుకున్నాడు, ఇప్పుడు పెట్టుకుని ఏం లాభం.

వైకుంఠం వాళ్ళ మొహాలు చూశాడు. ఆయన మొహంలో గెలిచిన సంతోషం లేదు. కానీ అడగకుండా ఉండలేకపోయాడు.

"బిడ్డా, ఏమనుకోకు," అన్నాడు. "రేపు బాల్ నీ చేతిల ఉన్నప్పుడు అజాన్ అయితే ఏం జేస్తవ్? ఎదురుంగ వీణ ఉంటది."

యుస్రా కొత్త తాడుకు ముడి వేస్తోంది. ముడి పూర్తయ్యే దాకా తల ఎత్తలేదు. గుంజి చూసుకుంది. పట్టు దొరికింది. అప్పుడు లేచి నిలబడింది.

"నిలవడ్త సార్. పోయి వీణకు చెప్పుండ్రి."